కేస్ ఇంటర్వ్యూ గురించి అమ్మాయికి

చిరంజీవి అమ్మాయిని నాన్న ఆశీర్వదించి రాయునది.

అమ్మకాలు తగ్గకపోయినా ఒక పాల డెయిరీకి లాభం ఎందుకు పడిపోయిందో అరగంటలో తేల్చమన్నారనీ, నీ ప్రశ్నలకు ఎదుటివారు ముభావంగా జవాబిచ్చి మాటిమాటికీ గడియారం చూసుకున్నారనీ నిన్న ఫోనులో బాధపడ్డావు. ఆ ముభావాన్ని బట్టి ఫలితాన్ని ఊహించుకోకు. కన్సల్టింగ్ ఇంటర్వ్యూలో కేసుకు, అంటే ఇలా తేల్చమని ఇచ్చే వ్యాపార సమస్యకు, దొరికే సమయమే తక్కువ కాబట్టి, వారి చూపు గడియారం మీదికి పోవడంలో వింత లేదు.

ఉద్యోగమంతా డెయిరీ లెక్కల్లో గడిపినవాణ్ణి కనుక, నువ్వు అడిగిన ఒక ప్రశ్న నాకు ఎంతో సంతోషం కలిగించింది. ఆదాయాన్నీ ఖర్చునూ విడదీశాక, రైతుకు ధర దేన్ని బట్టి కడతారని అడిగావు. అసలు కీలకం అక్కడే ఉంది. సేకరణ కేంద్రంలో ధర కట్టేది లీటర్లను మాత్రమే చూసి కాదు, పాలలోని వెన్న శాతాన్నీ, వెన్న కాక మిగిలిన ఘనపదార్థాల శాతమైన ఎస్‌ఎన్‌ఎఫ్‌నూ బట్టి. టోన్డ్ పాలలో 3 శాతం వెన్న ఉంటే చాలు, ప్యాకెట్లలోకి 3.1 శాతం వెళుతోందనుకో, రోజుకు లక్ష లీటర్లు అమ్మే డెయిరీ సుమారు 100 కిలోల వెన్నను ఊరికే ఇచ్చేస్తున్నట్టే. అమ్మకాల పట్టికను ఎంతసేపు చూసినా ఈ నష్టం కనబడదు. అలాగే వేసవిలో గేదె పాలు తగ్గినప్పుడు, చలికాలంలో నిల్వ చేసిన పాలపొడినీ వెన్ననూ కలిపి సరఫరా నిలబెట్టవలసి వస్తుంది. ఆ నిల్వ చాలకపోతే బయట కొనాలి. కాబట్టి లాభం ఏ నెలల్లో తగ్గిందన్నది కూడా అడగదగిన ప్రశ్నే. అది నీకు తట్టలేదని దిగులుపడకు, డెయిరీలో పనిచేయని మనిషి నుంచి ఎవరూ దాన్ని ఆశించరు.

సమస్యను భాగాలుగా విడదీయడానికి కంఠస్థం చేసిన ఫ్రేమ్‌వర్క్ నిన్ను ఖర్చు దాకా తీసుకెళ్లగలదు గానీ, ఆ తర్వాత దారి చూపేది ఇలాంటి ప్రశ్నలే. తరువాతి రౌండులో సంస్థ పెద్దల్లో ఒకరైన పార్ట్‌నర్ కూర్చున్నా ఇదే పద్ధతిలో వెళ్లు. లెక్క మనసులో వేసుకుని ఊరుకోకుండా, వారికి వినబడేలా పైకి చెబుతూ చెయ్యి. కోట్లను మిలియన్లలోకి మార్చేటప్పుడు సున్నాలు తడబడకుండా రోజూ కొంతసేపు సాధన చెయ్యి. కాలేజీ ఉత్సవానికి చందాలు కూడగట్టిన సంగతి అడిగితే, "మేము చేశాం" అని తేల్చెయ్యకుండా, అందులో నువ్వు స్వయంగా చేసిందేమిటో వివరంగా చెప్పు.

శనివారం సాయంత్రం ఫోను చెయ్యి. నేను డెయిరీ మేనేజరుగా కూర్చుంటాను, నువ్వు కన్సల్టెంటుగా ప్రశ్నలు అడుగు. అడగనిదే ఒక్క అంకె కూడా చెప్పను.

ఆశీస్సులతో,
నాన్న