ఆ బస్సును ఆపేముందు ఒక్క మాట

గౌరవనీయులైన స్కూల్ బోర్డు అధ్యక్షురాలు గారికి,

నమస్కారం. ఇదే సంగతి మీకు ఇంగ్లీషులో మెయిల్ చేశాను. మళ్ళీ తెలుగులో ఎందుకంటే, మన డిస్ట్రిక్ట్‌లో ఇప్పుడు తెలుగిళ్ళు తక్కువేం లేవు, బోర్డు ఎజెండా చదివే అలవాటు మాత్రం మాలో తక్కువ. సెయింట్ పాల్ నగరంతో, చుట్టుపక్కల సబర్బులతో కలిసి నడుపుతున్న ఈక్విటీ, ఇంటిగ్రేషన్ భాగస్వామ్యంలో, అంటే వేరువేరు జాతుల పిల్లల్ని క్యాంపుల్లో, ఉమ్మడి క్లాసుల్లో కలిపే ఏర్పాటులో, మనం ఉండాలా, బయటికి రావాలా అని వచ్చే నెల మీరు ఓటు వేయబోతున్నారు. ఎజెండాలో అది పదకొండో అంశం. పైన డీజిల్ కాంట్రాక్టు, కింద జిమ్ పైకప్పు రిపేరు. మా వాళ్ళ కంట పడలేదంటే ఆశ్చర్యమేముంది?

ముందే చెప్పేస్తాను, బయటికి రావద్దనే నా మాట. అలాగని ఇప్పుడు నడుస్తున్నట్టే నడవనివ్వమని కూడా అనను.

నన్ను ఈ లేఖకు కూర్చోబెట్టింది మీ సిబ్బంది తయారుచేసిన మెమోలో ఏడో పేజీ. ‘మన డిస్ట్రిక్ట్ సహజంగానే వైవిధ్యంగా మారింది కాబట్టి భాగస్వామ్యం అవసరం తగ్గింది’ అని అందులో ఉంది. కింద ఒక గ్రాఫు. పదేళ్ళలో బాగా పైకి లేచిన గీత ఆసియా పిల్లలది. అంటే మా పిల్లలది. మా అబ్బాయి, వాడితో క్రికెట్ ఆడే సందు చివరి పిల్లలు, ఆదివారం తెలుగు బడికి వచ్చే పాతికమంది. వాళ్ళ తలలు లెక్కపెట్టి, ఇక సెయింట్ పాల్ పిల్లలతో మనకు పని లేదని తేల్చారు.

ఈ లెక్క ఎలా నడుస్తుందో మా వాళ్ళ కోసం కాస్త విప్పి చెప్తాను. మిన్నెసోటా చట్టం భాషలో ‘ప్రొటెక్టెడ్’ విద్యార్థులంటే నల్లజాతి, లాటినో, అమెరికన్ ఇండియన్, ఆసియా పిల్లలు. శరణార్థి శిబిరం నుంచి వచ్చిన బర్మా కరెన్ తెగ పిల్లవాడూ, అమ్మానాన్నా ఇద్దరూ ఐటీలో ఉన్న మా వాడూ ఆ వరుసలో ఒకటే. డిస్ట్రిక్ట్‌కు వచ్చే అచీవ్‌మెంట్ అండ్ ఇంటిగ్రేషన్ డబ్బు సూత్రం మొదటి ముక్కలో విద్యార్థుల సంఖ్యను 350 డాలర్లతో, ఈ పిల్లల వాటాతో గుణిస్తారు. పదివేలమందిలో నలభై శాతం వీళ్ళే అనుకుంటే 14 లక్షల డాలర్లు. అందులో 70 శాతం రాష్ట్రం ఇస్తుంది, 30 శాతం మన ప్రాపర్టీ టాక్సు లెవీ నుంచి వస్తుంది. పక్క డిస్ట్రిక్ట్‌తో పోల్చి చూసేటప్పుడూ ఇదే వాటా. ఒకచోట ఆ పిల్లల వాటా పక్కవాళ్ళకంటే 20 శాతానికి మించి ఎక్కువుంటే, అది జాతిపరంగా ఒంటరిగా ఉన్న డిస్ట్రిక్ట్ అంటారు.

ఇందులో తిరకాసు చూడండి మేడమ్. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వచ్చిన కుటుంబం ఇక్కడ ఇల్లు కొన్న ప్రతిసారీ నగరానికీ మనకూ మధ్య తేడా కాగితం మీద కొంచెం తగ్గుతుంది. నగరంలో ఏ పిల్లాడి బడీ మారదు. ఇక్కడ ఏ పిల్లాడికీ కొత్త స్నేహితుడు దొరకడు. తేడా మాత్రం తగ్గినట్టే.

మేమెందుకు ఇక్కడ కొన్నామో కూడా దాచను. పద్నాలుగేళ్ళ కిందట మేం చూసింది ఒక్క స్కూల్ రేటింగే. పదికి తొమ్మిది అన్నాడు ఏజెంటు, బేస్‌మెంటులో నీటి చెమ్మ కూడా చూసుకోకుండా ఆఫర్ పెట్టేశాం. పాలు పొంగించిన రోజు వచ్చిన ప్రతి ఒక్కరూ అడిగిందీ ఆ అంకె గురించే. ఆ తొమ్మిది ఎలా వచ్చిందో ఎవరం అడగలేదు.

రోజూ 94 హైవే మీద ఆఫీసుకు వెళ్తాను. సెయింట్ పాల్‌లో ఆ రోడ్డు పరిచినచోట ఒకప్పుడు రాండో అనే నల్లజాతివాళ్ళ పేట ఉండేదని నాకు తెలిసేసరికి ఏడేళ్ళు పట్టింది. 1956కీ 1968కీ మధ్య హైవే కోసం అక్కడ దాదాపు 700 ఇళ్ళు పడగొట్టారు. అంతకుముందు ఈ ప్రాంతంలో చాలా ఇళ్ళ దస్తావేజుల్లోనే, తెల్లవాళ్ళకు తప్ప అమ్మకూడదని షరతు రాసుకునేవాళ్ళు. 1953లో రాష్ట్రం కొత్తగా అలా రాయడాన్ని నిషేధించింది, అమ్మేవాళ్ళ బుద్ధి అంత తొందరగా మారలేదు. రాండోను చీల్చుకుంటూ వెళ్ళిన ఆ రోడ్డే మన సబర్బును నగరానికి ఇరవై నిమిషాల దూరంలోకి తెచ్చింది. నా తొమ్మిది రేటింగులో ఆ ఇరవై నిమిషాలు కూడా ఉన్నాయి.

వేరువేరు జాతుల పిల్లల్ని కలపడం కోర్టులు చూసుకోవలసిన పని కదా అని ఒక బోర్డు సభ్యుడు పోయిన మీటింగులో అన్నారు. కోర్టులు తమ వల్ల కాదని ఎప్పుడో చెప్పాయి. 1974లో డెట్రాయిట్ కేసులో సుప్రీం కోర్టు 5-4 తీర్పుతో, బడుల్లో జాతుల వేర్పాటుకు తప్పు సబర్బులదని రుజువు కాకపోతే వాటిని నగరంతో కలపమని ఆదేశించలేమంది. దానికి రెండేళ్ళ ముందు, 1972లో, పక్కనే ఉన్న మినియాపొలిస్ బడుల్లో పిల్లల్ని జాతుల వారీగా వేరుగా ఉంచడం ఆపమని ఫెడరల్ జడ్జి ఎర్ల్ లార్సన్ చెప్పారు. ఆ ఆదేశం నగరం సరిహద్దు గీత దగ్గరే ఆగింది. గీత అవతల ఇల్లు కొనుక్కోగలిగినవాళ్ళకు అది వర్తించలేదు. ఇక్కడి బడుల్లో జాతుల వేర్పాటు మీద తల్లిదండ్రులు 2015లో వేసిన క్రూజ్-గుజ్మాన్ కేసులో మన రాష్ట్ర సుప్రీం కోర్టు 2023 డిసెంబరులో చెప్పిందీ దాదాపు ఇదే దారి. బడుల్లో జాతుల అసమతుల్యత ఉన్నంత మాత్రాన చాలదు, పిల్లలకు తగిన చదువు అందకపోవడానికి అది గట్టి కారణమని చూపించాలంది. కాబట్టి గీత దాటి చేసే పని ఏదైనా రెండు పక్కలా ఇష్టపడి చేయాల్సిందే. ఆ ఇష్టమే ఇప్పుడు పదకొండో అంశంగా మీ ముందుకొచ్చింది.

ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ ఉంది కదా, ఎవరైనా ఏ డిస్ట్రిక్ట్‌కైనా వెళ్ళొచ్చు కదా అనేది రెండో మాట. ఉంది. దేశంలో మొట్టమొదట తెచ్చింది మిన్నెసోటానే. కానీ మన డిస్ట్రిక్ట్ సరిహద్దు దాకా పిల్లల్ని తెచ్చి దింపాల్సింది తల్లిదండ్రులే. పొద్దున ఏడింటికి కారూ, కారు నడపడానికి ఖాళీగా ఒక మనిషీ ఉన్న ఇంటికే ఆ హక్కు. మంచు కురిసే జనవరిలో రెండు సిటీ బస్సులు మారి సరిహద్దు దాకా రమ్మంటే ఎవరొస్తారు?

మా ఊరు తెనాలి దగ్గర. ఊళ్ళో జిల్లా పరిషత్ హైస్కూలు ఒక్కటే. కాలనీ పిల్లలూ పెద్ద వీధి పిల్లలూ కలిసే కూర్చునేవాళ్ళం. లెక్కల్లో నాకు సాయం చేసిన అమ్మాయి కాలనీ నుంచే వచ్చేది. నా ఎనిమిదో తరగతిలో పక్క టౌను కాన్వెంటు వాళ్ళు మా వీధి మొగలోకి పసుపు వ్యాను పంపడం మొదలుపెట్టారు. మొదట ఇద్దరెక్కారు. దసరా సెలవుల తర్వాత నేనూ ఎక్కాను. రెండేళ్ళలో హైస్కూల్లో మిగిలింది దాదాపు కాలనీ పిల్లలే. ఎవరూ ఎవరినీ వెళ్ళగొట్టలేదు. వ్యాను వచ్చింది, అంతే. ఆ అమ్మాయి తర్వాత ఏం చదివిందో కూడా నాకు తెలియదు.

ఇప్పుడు మా అమ్మాయి సంగతి. పోయిన వేసవిలో ఈ భాగస్వామ్యం తరఫున నగరం పిల్లలూ మన పిల్లలూ కలిసి రెండు వారాలు సైన్సు క్యాంపు చేశారు. చెరువు నీళ్ళు సీసాల్లో పట్టి పరీక్షలు చేయడం. మూడో రోజు మా పిల్ల ఇంటికొచ్చి ‘అమ్మా, రేపు పులిహోర ఎక్కువ పెట్టు’ అంది. తన గ్రూపులో ఒక మోంగ్ అమ్మాయి ఉంది, లావోస్ వైపు నుంచి వచ్చిన తెగ వాళ్ళది. వాళ్ళమ్మ పచ్చిమిరపకాయలు, కొత్తిమీర, చేప సాసు రోట్లో దంచి ముద్దన్నంతో పెట్టిందట. మన రోటి పచ్చడే, వాసన వేరు. ఇద్దరూ డబ్బాలు మార్చుకున్నారు. కారం ఎవరు ఎక్కువ తినగలరని పందెం, మా పిల్ల ఓడిపోయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వాళ్ళ నీళ్ళ పరీక్షలో ఏం తేలిందో నాకు గుర్తు లేదు. సెయింట్ పాల్‌లో ఇంతమంది మోంగ్ వాళ్ళున్నారని పద్నాలుగేళ్ళలో నాకు పట్టలేదు, మా పిల్లకు మాత్రం మూడు రోజుల్లో తెలిసింది.

ఇదంతా చెప్పి భాగస్వామ్యాన్ని నెత్తిన పెట్టుకుంటానని అనుకోకండి. దాని తల్లిదండ్రుల కమిటీలో ఒక ఏడాది కూర్చున్నాను. నాలుగు మీటింగుల్లో మూడు, బయటి కన్సల్టెంట్లు టీచర్లకిచ్చే ట్రైనింగు గురించే. స్లైడ్లు బాగున్నాయి. పిల్లలు ఎన్ని రోజులు కలిసి కూర్చున్నారని అడిగితే గదిలో ఎవరి దగ్గరా అంకె లేదు. కొత్త జబ్బేం కాదు, 2005లోనే రాష్ట్ర ఖర్చులు తనిఖీ చేసే లెజిస్లేటివ్ ఆడిటర్ ఈ ఇంటిగ్రేషన్ డబ్బుకు స్పష్టమైన లక్ష్యమే లేదని తప్పుపట్టారు. 2013లో చట్టం మార్చాక ఈ డబ్బులో కనీసం 80 శాతం నేరుగా పిల్లల మీదే ఖర్చు కావాలి, ట్రైనింగుకు 20 శాతం మించకూడదు, ఆఫీసు ఖర్చుకు 10 శాతం దాటకూడదు. నియమం బాగానే ఉంది. అయితే ‘నేరుగా పిల్లల మీద’ అన్న మాట కింద ఎన్నో దూర్చొచ్చు.

పైగా మన తూర్పు సబర్బులకు ఇది మొదటిసారి కాదు. ఈస్ట్ మెట్రో ఇంటిగ్రేషన్ డిస్ట్రిక్ట్ పేరుతో నగరమూ సబర్బులూ కలిసి ఏకంగా రెండు బడులు నడిపాయి, మేపుల్‌వుడ్‌లో హరాంబే, వుడ్‌బరీలో క్రాస్‌విండ్స్. హరాంబే అంటే స్వాహిలిలో అందరం కలిసి లాగుదామని. 2013లో అది రోజ్‌విల్ డిస్ట్రిక్ట్‌కు పోయింది. క్రాస్‌విండ్స్ చేతులు మారి 2017లో మూతపడింది. ఉమ్మడి ఆస్తిని అందరూ వదులుకుంటే ఏమవుతుందో అప్పుడే చూశాం.

మా వాట్సాప్ గ్రూపులో భయాలూ ఉన్నాయి. సీట్లు పోతాయని, రేటింగు పడి ఇంటి ధర తగ్గుతుందని. మా వాళ్ళను తిట్టబోను, నేనూ ఆ అంకె చూసే కొన్నదాన్ని. కానీ ఈ ఓటుతో సీట్లు ఎటూ పోవు. మాట్లాడుతున్నది క్యాంపులు, ఉమ్మడి క్లాసులు, వాటికి బస్సు గురించి. పన్ను మిగులుతుందన్న ఆశ కూడా పెద్దగా పనికిరాదు. భాగస్వామ్యం మానుకున్నా ఆ డబ్బును మామూలు ఖర్చులకు మళ్ళించే వీల్లేదు, రాష్ట్రానికి ఒప్పించిన ప్లాను ప్రకారమే వాడాలి.

కాబట్టి నేను కోరేది ఇదీ. ఈ మూడేళ్ళ ప్లాను పూర్తయ్యేదాకా సభ్యత్వం ఉంచండి. అయితే మన వాటా కట్టేముందు ఒక్క షరతు పెట్టండి. రెండు డిస్ట్రిక్టుల పిల్లలు ఏడాదిలో ఎన్ని రోజులు, ఎంతమంది, ఒకే బల్ల దగ్గర కూర్చుని పని చేశారో భాగస్వామ్యం లెక్క చెప్పాలి. ఆ అంకె పెరగకపోతే మూడేళ్ళ తర్వాత మానుకోమని నేనే వచ్చి అడుగుతాను. ఖర్చులో మొదటి డాలరు బస్సుకు పోవాలి, రెండోది సాయంత్రం నాలుగింటికి పిల్లలు తినే దానికి. కన్సల్టెంట్ల వంతు ఆ తర్వాత. ఇంకోటి, మా పిల్లల తలలు లెక్కలో ఉన్నప్పుడు కమిటీలో మా వాళ్ళూ ఉండాలి. పిలవలేదని మేం రాలేదు, రాలేదని మీరు పిలవలేదు.

మీటింగులో తలా మూడు నిమిషాలు ఇస్తారు కదా, పేరు రాయించాను. మా వీధి నుంచి ఇంకో నలుగుర్ని తెస్తున్నాను. అందులో ఇద్దరు మానుకోమనే చెప్తారు, వాళ్ళ మాటా వినండి. నా వంతు వచ్చేసరికి ఆ ఏడో పేజీ తెరిచి పెట్టుకోండి, మేడమ్.

ఇట్లు,
మన డిస్ట్రిక్ట్‌లో చదివే ఇద్దరు పిల్లల తల్లి