ఆనర్స్ ఫారం నింపే ముందు ఒక మాట

తల్లిదండ్రులకు నమస్కారం.

వచ్చే ఏడాది కోర్సుల ఫారాలు ఈ వారం పిల్లలకు ఇస్తున్నాం. మామూలు క్లాసుల కన్నా కష్టంగా ఉండే ఆనర్స్ క్లాసులు కావాలంటే అందులోనే రాయాలి. ఫిబ్రవరి వచ్చిందంటే చాలు, "మా వాడికి ఆనర్స్ ఎందుకు రాలేదు" అని మెయిల్స్ మొదలవుతాయి. మన బే ఏరియా తెలుగువాళ్ల నుంచి కాస్త ఎక్కువే వస్తాయి కాబట్టి ఈసారి తెలుగులోనే రాస్తున్నాను.

అర్హత సంగతి అందరికీ తెలిసిందే. ఇప్పుడు మామూలు క్లాసులో ఉంటే ఏ మైనస్ గ్రేడ్, ఆనర్స్‌లో ఉంటే బి గ్రేడ్, ఆపైన టీచర్ సరేననాలి, మ్యాథ్స్‌కైతే ప్లేస్‌మెంట్ టెస్ట్ కూడా. టీచర్ గ్రేడ్ ఒక్కటే చూడరు. కొత్త రకం లెక్క వస్తే పిల్లవాడు దానితో కాసేపు కుస్తీ పడతాడా, వెంటనే పక్కవాడి పేపర్ వైపు చూస్తాడా అన్నది కూడా చూస్తారు. వేసవి ట్యూషన్‌లో సిలబస్ అంతా ముందే చదివేసి ఏ గ్రేడ్ తెచ్చుకున్న పిల్లలు ఆనర్స్‌లో అక్టోబర్ కల్లా నీరసపడిపోవడం మాకు కొత్తేం కాదు. టీచర్ నిర్ణయం నచ్చకపోతే అప్పీల్ చేయొచ్చు, కానీ ఆ ఉత్తరం పిల్లలే రాయాలి. మీరు రాసి వాళ్ల పేరు పెడితే తెలిసిపోతుంది!

ఇక జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు. ఆనర్స్ కోర్సు గ్రేడ్‌కి ఇందులో ఒక అదనపు పాయింట్ కలుస్తుంది. ఎక్కువ టెన్షన్ ఇక్కడే. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) వాళ్లు జీపీఏ లెక్కకు తీసుకునేది 9వ తరగతి అయ్యాక వచ్చే వేసవి నుంచి 11వ తరగతి తర్వాతి వేసవి వరకు వచ్చిన గ్రేడ్లే, అంటే 9లో ఆనర్స్ తీసుకుంటే అక్కడ అదనపు పాయింట్ ఏమీ రాదు. ఆ తర్వాత కూడా వాళ్ల క్యాప్డ్ జీపీఏలో (అదనపు పాయింట్లకు పరిమితి పెట్టి వేసే సగటులో) ఆ పాయింట్లు 8 సెమిస్టర్లకే, అందులో 10వ తరగతివి 4 మించకూడదు. సి లేదా అంతకన్నా మంచి గ్రేడ్ రావాలి, పైగా ఆనర్స్ అని పేరున్నంత మాత్రాన చాలదు, ఆ కోర్సును యూసీ ఆమోదించి ఉండాలి. మన స్కూల్ జాబితా వాళ్ల ఏ-జీ కోర్సుల (యూసీలో చేరడానికి హైస్కూల్లో చదవాల్సిన కోర్సుల) సైట్‌లో ఉంటుంది, ఒకసారి చూడండి.

అలాగని ఆనర్స్ దండగ అని నేననడం లేదు. కామన్ యాప్‌తో (చాలా కాలేజీలకు కలిపి పెట్టే ఒకే దరఖాస్తుతో) మా కౌన్సెలర్ పంపే రిపోర్టులో, మన స్కూల్లో కాలేజీకి సిద్ధమవుతున్న మిగతా పిల్లలతో పోలిస్తే మీ పిల్లల కోర్సులు ఎంత కష్టమైనవి అని అడుగుతారు. మన స్కూల్లో అన్న ముక్క గమనించండి. పక్క స్కూల్లో ఎవరో ఎన్ని ఏపీలు (కాలేజీ స్థాయి కోర్సులు) తీసుకున్నారని వాట్సాప్ గ్రూపులో లెక్కలేసుకోవడం అనవసరం.

నా మటుకు, పిల్లలకు ఇష్టమైన రెండు సబ్జెక్టుల్లో ఆనర్స్ తీసుకుని మిగతావి మామూలువి పెట్టుకుంటే బాగుంటుంది. హిస్టరీ అంటే ప్రాణం పెట్టే అమ్మాయిని కెమిస్ట్రీ ఆనర్స్‌లోకి తోసి, రాత్రి ఒంటిగంట దాకా ల్యాబ్ రిపోర్టులు రాయిస్తే, చివరికి హిస్టరీ గ్రేడే పడిపోతుంది. మ్యాథ్స్ గురించి కూడా కంగారు వద్దు. 10లో మామూలు ఆల్జీబ్రా 2 తీసుకున్నా 11లో ప్రీకాల్క్యులస్ చేసి 12లో ఏపీ కాల్క్యులస్ ఏబీకి వెళ్లొచ్చు, ఇంజనీరింగ్‌కి దారేమీ మూసుకుపోదు.

ఆనర్స్‌లో చేరాక బరువనిపిస్తే మొదటి నాలుగు వారాల్లో మామూలు సెక్షన్‌కి మారొచ్చు, సీటు ఉంటేనే. ఆ తర్వాత మారితే అప్పటిదాకా వచ్చిన గ్రేడ్ కూడా వెంట వస్తుంది. ఫారాలు ఈ నెలాఖరులోగా కౌన్సెలర్‌కి ఇవ్వాలి, మీ సంతకంతో.

ఇట్లు,
ప్రిన్సిపాల్