వార్షిక నివేదిక 2024–25: రెక్క ఎక్కింది, రంగు ఇంకా లేదు

గౌరవ అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, జీవిత సభ్యులకు, సాధారణ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి ఇవాళే మొదటిసారి వచ్చినవారికి నమస్కారం.

నిబంధనావళి ప్రకారం 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు జరిగిన పనులను సభ ముందు పెడుతున్నాను. మన సంఘం ఎందుకు పెట్టుకున్నామో, మ్యూజియం ఎందుకు నడుపుతున్నామో మీకు తెలియనిది కాదు. ఆ ఉపోద్ఘాతం వదిలేసి నేరుగా షెడ్డులోకి వెళదాం.

అందరూ అడిగే ప్రశ్నకు ముందే జవాబు చెప్పేస్తాను. మన నాట్ యుద్ధవిమానానికి ఈ ఏడాది రంగు వేయలేదు. రాబోయే వానాకాలం దాటేవరకూ వేయం. ఎందుకో కింద రాశాను. చదివాక కూడా అనుమానం తీరనివారు ఆదివారం పొద్దున్నే షెడ్డుకు దయచేస్తే గీకుడు పలక చేతికిచ్చి చూపిస్తాను.

మన దగ్గరికి రాకముందు ఈ విమానం ఏళ్ల తరబడి ఆరుబయట దిమ్మె మీద నిలబడింది. అక్కడ ఏ వేడుక వచ్చినా ఎవరో ఒకరు గేట్లకు వేసే ఎనామిల్ తెచ్చి పైపైన పులిమారు. ఈ ఏడాది ముక్కు నుంచి తోకదాకా ఆ పొరలు ఊడదీయడమే పెద్ద పని అయింది. మధ్యలో ఒకచోట వైమానిక దళం చక్రం గుర్తు బయటపడితే సంబరపడ్డాం. తీరా చూస్తే కాషాయం బయటా, ఆకుపచ్చ లోపలా ఉంది! అసలు గుర్తులో కాషాయం నడిమధ్యన, చుట్టూ తెలుపు, అన్నిటికీ వెలుపల ఆకుపచ్చ ఉంటాయి. ఎవరో పెయింటరు పాపం తనకు తోచినట్టు వేసి వెళ్లిపోయాడు, ఇన్నేళ్లలో ఎవరూ పట్టించుకోలేదు. మనం వేసేటప్పుడు ఇలా కాకూడదనే నా తాపత్రయం.

రంగు ఊడాక కనిపించినదే అసలు సమస్య. విమానం ఒంటికి వాడే రేకు డ్యూరాల్యుమిన్. అల్యూమినియంలో రాగి కలిపితే బలం వస్తుంది. కానీ తుప్పుకు దారి ఇచ్చేదీ ఆ రాగే. అందుకని రేకు తయారీలోనే పైన పల్చగా స్వచ్ఛమైన అల్యూమినియం పొర అతికిస్తారు. పని త్వరగా తెమలాలని గ్రైండరు పెడితే రంగుతో పాటు ఆ రక్షణ పొర కూడా లేచిపోతుంది. దీనికి తోడు ఇనుప బోల్టూ అల్యూమినియం రేకూ తాకేచోట ఉప్పు తడి చేరిందంటే, కరిగిపోయేది అల్యూమినియమే. మన ఊరి సంగతి చెప్పాలా? పేరుపాలెం వైపు నుంచి సముద్రపు గాలి, నాలుగు దిక్కులా రొయ్యల చెరువులు. వెనక బొడ్డు దగ్గర పైకి చిన్న పొక్కులా కనిపించినచోట వేలితో నొక్కితే రేకు ఆత్రేయపురం పూతరేకులా పొరలు పొరలుగా విడిపోయింది. దాని మీద రంగు వేస్తే ఫొటోకి బాగానే ఉంటుంది, రెండేళ్లలో రంగుతో సహా ఊడి కింద పడుతుంది.

పొట్ట కింద నీళ్లు కారిపోవడానికి సన్నటి రంధ్రాలుంటాయి. ఎనామిల్ వాటిని పూడ్చేయడంతో లోపల ఎన్ని వానాకాలాల నీళ్లు నిలిచాయో! గాలి లోపలికి పీల్చే పక్క గొట్టాల్లో కందిరీగల మట్టిగూళ్లు తట్టలకెత్తాం. ఇంజిను, తుపాకులు ముందే తీసేసి ఇచ్చారు కనుక ఆ తలనొప్పి లేదు. ఈ విమానం ప్రదర్శనకే, ఎగరదు. “ఒక్కసారి స్టార్ట్ చేసి చూపిస్తారా” అని అడిగే పెద్దమనుషులకు ఈ సంగతి మీరే చెప్పి పుణ్యం కట్టుకోండి. అందులో ఉండిన బ్రిస్టల్ ఆర్ఫియస్ జెట్ ఇంజిను స్థానంలో ఇప్పుడు ఉన్నది ఖాళీ జాగా.

కడగడానికి బోరు నీళ్లు వాడొద్దని ఈ ఏడాది కచ్చితమైన నియమం పెట్టాం. మన బోరులో ఉప్పు ఎంతో కాఫీ పెట్టుకున్న ప్రతివాడికీ తెలుసు. మంచినీళ్ల ప్లాంటు యజమాని టిన్నులు ఉచితంగా పంపుతున్నారు. వారికి సంఘం తరఫున చేతులెత్తి నమస్కారం. “మనుషులకు లేని మంచినీళ్లు విమానానికా” అని ఎత్తిపొడిచినవారికి కూడా నమస్కారమే. అలాగే గిన్నెలు తోమే ఇనుప పీచు షెడ్డులోకి తేవద్దు. దాని నుసి రేకులో దిగబడి అక్కడ కొత్త తుప్పు మొదలెడుతుంది.

కాక్‌పిట్‌లోని గడియారాల గురించి ఒక హెచ్చరిక. ఆ కాలం విమానాల్లో ముళ్లూ అంకెలూ చీకట్లో కనపడటానికి రేడియం కలిపిన పూత పూసేవారు. ఇప్పుడు మెరవడం లేదు కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. మెరిసే పదార్థం చచ్చిపోయింది గానీ రేడియం అలాగే ఉంటుంది, అది సగానికి తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. అద్దం విప్పి దుమ్ము పీల్చడం ప్రమాదం. అందుకని వాటిని విప్పకుండా తీసి, సీలు వేసి, తాళం లోపల పెట్టాం. ప్రస్తుతం పలక మీద కనిపించేవి పాలిటెక్నిక్ విద్యార్థులు ముద్రించి అతికించిన నకళ్లు. చాలా బాగా చేశారు, దగ్గరికెళ్తే తప్ప తేడా తెలియదు.

ఇక ఈ సంవత్సరం మనం తలెత్తుకుని చెప్పుకునే రోజు 2024 డిసెంబరు 14. రెండో శనివారం కావడం, సార్వా కోతలు చాలావరకు ముగియడం కలిసొచ్చాయి. 1971లో అదే తేదీన ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ శ్రీనగర్ మీదికి వచ్చిన ఆరు పాకిస్తాన్ సేబర్ యుద్ధవిమానాలను ఒంటరి నాట్‌తో ఎదుర్కొని ప్రాణాలిచ్చాడు. మన వైమానిక దళంలో పరమవీర చక్ర పొందినవాడు ఆయన ఒక్కడే. ఆ రోజే రెక్క ఎక్కించాలని కార్యవర్గం నిర్ణయించింది.

నాట్ రెక్క ఎడమ ఒకటి, కుడి ఒకటి అని విడివిడిగా ఉండదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఏకఖండంగా ఉండి శరీరం పైభాగంలో భుజాల మీద కూర్చుంటుంది. ఏడు మీటర్లు కూడా లేని చిన్న రెక్కే, అయినా ఎత్తి దింపడంలో ఒక మూల తగిలితే సొట్టే. రైసుమిల్లు నుంచి చైన్ పుల్లీలు, దూలాలు వచ్చాయి. ఎత్తే బాధ్యత నరసాపురం వైపు నుంచి వచ్చిన పడవ మేస్త్రి గారికి అప్పగించాం. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీ ఓడలు కట్టించుకున్న రేవు అది. ఆ చేతివాటం ఇంకా పోలేదని ఆ పూట కళ్లారా చూశాం.

ముందు బోల్టులు ఇట్టే దిగాయి. వెనకవి దిగలేదు. బెజ్జాలు వేలెడు దూరం తేడాగా కనిపిస్తున్నాయి. ఎవరో సుత్తి అందుకున్నారు, ఇంకెవరో బెజ్జం కాస్త పెద్దది చేద్దామన్నారు. వైమానిక దళంలో ఎయిర్‌ఫ్రేమ్ (విమానం ఒళ్లు) ఫిట్టరుగా పనిచేసి రిటైరైన మన పెద్దాయన ఒక్క కేక వేశారు. సుత్తి కింద పెట్టేశారు. అప్పుడు పడవ మేస్త్రి గారు తాపీవాళ్ల నీళ్ల గొట్టం తెప్పించి మట్టం చూశారు. తేడా రెక్కలో లేదు! విమానాన్ని నిలబెట్టిన వెనక గుర్రం (స్టాండు) కింద నేల కుంగి తోక వైపు కాస్త వాలింది. “బెజ్జం తప్పు కాదండీ, పీట తప్పు” అని చెక్క చీలికలు ఒక్కొక్కటే తడుతూ లేపారు. చివరికి బోల్టు చేత్తో నెడితే దిగింది. ఎన్‌సిసి పిల్లలు వేసిన కేకలకు కాలువ అవతల గట్టున ఉన్నవాళ్లు కూడా పరిగెత్తుకొచ్చారు. పెద్దాయన ఏమీ అనలేదు గానీ మేస్త్రి గారికి తన కుర్చీ ఇచ్చి తాను నిలబడ్డారు.

ఆ రోజు పులిహోర, బూరెలు, పెరుగన్నం వండి వడ్డించిన మహిళా సభ్యులకు, వంటపాత్రలు ఇచ్చిన కల్యాణమండపం వారికి, ట్రాక్టరు పంపిన రైతుసోదరులకు, పాలకొల్లు నుంచి మనుషులతో సహా వచ్చిన టింకరింగ్ మేస్త్రికి, మైకు, షామియానా వారికి, ఫొటోలు తీసి ఇంతవరకూ డబ్బు అడగని స్టూడియో అబ్బాయికి కృతజ్ఞతలు. పేర్లు రాస్తే ఒకరు మిగిలిపోతారు, కిందటేడు ఆ గొడవ చాలు. అందరి పేర్లూ షెడ్డు గోడ మీది బోర్డులో ఉన్నాయి. లేకపోతే చాక్‌పీసు అక్కడే ఉంది.

మరొక సభ్యుడు ఎంతో ఉత్సాహంగా ఇత్తడి పనికి పేరున్న అజ్జరం వెళ్లి రెక్క బోల్టులకు ఇత్తడి బుష్‌లు (తొడుగులు) పోయించుకొచ్చారు. పనితనం అమోఘం. కానీ ఇత్తడి తాకితే అల్యూమినియం ఇనుముతోకన్నా వేగంగా తినబడుతుంది, కాబట్టి వాడలేకపోయాం. అదే ఇత్తడితో మ్యూజియానికి నామఫలకం చేయిద్దామని ప్రతిపాదన. ఆయన ఇంకా అలకలోనే ఉన్నారు.

సందర్శకులకు వివరించే సభ్యులకు ఒక మనవి. ఎవరో ఒకరు బడిపిల్లలకు “ఇదే సెఖోన్ నడిపిన విమానం” అని చెబుతున్నారట. సెఖోన్ విమానం ఆ రోజే కూలిపోయింది, అది మన షెడ్డుకు ఎలా వస్తుంది? 1965 సెప్టెంబరు 3న సేబర్‌ను కూల్చినట్టు గుర్తింపు పొంది వీరచక్ర అందుకున్న ట్రెవర్ కీలర్ విమానం అనీ చెప్పొద్దు, 1971 నవంబరు 22న తూర్పు పాకిస్తాన్ సరిహద్దు దగ్గరి బోయ్రా మీద పోరాడిన నాలుగింటిలో ఒకటనీ చెప్పొద్దు. లాగ్‌బుక్కు చేతిలో లేనిదే ఫలానా యుద్ధంలో ఎగిరిందని మనం అనకూడదు. చెప్పడానికి నిజాలు తక్కువా? ఇంగ్లండులో ఫోలండ్ కంపెనీకి పెటర్ అనే ఇంజినీరు గీసిన నమూనా, 1955లో మొదటిసారి ఎగిరింది, తరువాత మన బెంగళూరు హెచ్‌ఏఎల్ విమాన కర్మాగారంలో తయారైంది. చక్రాలు పొట్టలోకే ముడుచుకుంటాయి, గాలిలో వాటిని కొద్దిగా దించితే తలుపులే బ్రేకుల్లా పనిచేస్తాయి. ఆ తలుపులు ఇప్పుడు మనం చేత్తో తీసి మూసి చూపించగలుగుతున్నాం. పిల్లలకు అది చాలు, నోళ్లు తెరిచి చూస్తారు.

ఏప్రిల్ 6న ఎప్పటిలాగే 1942లో కాకినాడ, విశాఖపట్నాల మీద జపాను విమానాలు బాంబులు వేసిన రోజును గుర్తుచేసుకున్నాం. ఎన్నికల ముందు కావడంతో వక్తలు దొరకలేదు, హైస్కూలు సోషల్ మాస్టారు చక్కగా మాట్లాడారు. తాడేపల్లిగూడెంలో ఆ యుద్ధకాలపు రన్‌వే చూడటానికి అనుకున్న యాత్ర పేర్లు ఇచ్చినవారు బస్సు దగ్గరికి రాకపోవడం వల్ల జరగలేదు. జూలైలో ఎర్రకాలువ పొంగి ఆ వైపు సభ్యుల ఊళ్లు మునిగినప్పుడు మన టార్పాలిన్లు అక్కడికి పంపాం. తిరిగొచ్చినవి కొన్నే, అడగలేదు.

లెక్కలు. ఆడిట్ అయిన పత్రం చివర జతచేశాం, కోశాధికారి గారు చదువుతారు. ఖర్చులో పెద్దభాగం షెడ్డు కప్పుకూ, రంగు తీసే రసాయనానికీ, ఇంచి కొలతల మరలకూ పోయింది. బజారులో దొరికేవన్నీ మిల్లీమీటర్లవి, ఇవి బయటి ఊళ్ల నుంచి తెప్పించాలి. చందా బకాయిలున్నవారి పేర్లు చదవబోము, వారికే తెలుసు.

ఇప్పుడు కాస్త నిష్ఠూరం. స్వచ్ఛంద సేవకుల పట్టికలో పేర్లు చూస్తే మరో విమానం కూడా బాగుచేయొచ్చు. ఆదివారం షెడ్డులో చూస్తే మాత్రం ఎప్పుడూ ఆ నాలుగు ముఖాలే. రొయ్యల పట్టుబడి ఉంది, ఊడ్పులు ఉన్నాయి, పెళ్లి ఉంది, సంక్రాంతికి పందేలు ఉన్నాయి. కాదనను, నాకూ అవన్నీ ఉన్నాయి. కానీ వాట్సాప్‌లో బొటనవేలు పెట్టినవారు ఆ వేలితోనే ఒక గంట గీకితే తోక భాగం ఈపాటికి పూర్తయ్యేది. “రంగు వేసే రోజు చెప్పండి, అందరం దిగుతాం” అంటున్నారు. రంగు వేసే రోజున మనుషులు అక్కర్లేదండీ. మాస్కులు తొడుక్కున్న ఇద్దరు చాలు. రంగు కింద వేసే ప్రైమరులోని క్రోమేటు విషం, అప్పుడు జనం దూరంగా ఉండటమే మేలు. చేతులు కావాల్సింది ఇప్పుడు.

అధికారుల విషయం క్లుప్తంగా. షెడ్డు కరెంటు కనెక్షను దుకాణాల కేటగిరీ నుంచి మార్చమని పెట్టిన అర్జీకి వేసవిలో “ఎన్నికల కోడ్ ఉంది” అన్నారు. కోడ్ పోయాక “కొత్త సారు రావాలి” అన్నారు. కొత్త సారు వచ్చాక ఫైలు రావాలట. మెయిన్‌రోడ్డు మీద దారి చూపే బోర్డు పెడతామని సభాముఖంగా మాట ఇచ్చిన మరో శాఖ పెద్దలు విమానం పక్కన ఫొటో మాత్రం మరిచిపోకుండా దిగారు.

సభ ఆమోదానికి మూడు విషయాలు పెడుతున్నాను. తుప్పు పని ముగిసిందని ఎయిర్‌ఫ్రేమ్ పెద్దాయన సంతకం పెట్టేదాకా రంగు ముట్టుకోకూడదు, దాత ఎవరు ఒత్తిడి చేసినా సరే. పట్టికలో పేరున్న ప్రతివారూ నెలకు రెండు ఆదివారాలైనా రావాలి, రాలేనివారు పేరు తీయించుకోవాలి. షెడ్డు వెనక గోడ వానలు పడేలోగా లేపాలి, దానికి ఇటుక ఇస్తామన్నవారు ఇవాళే తేదీ చెప్పాలి.

ఇట్లు,
కార్యదర్శి

తా.క.: డిసెంబరు 14 నుంచి ఇంచి స్పానర్ల సెట్టులో ఒకటి కనపడటం లేదు. అది మోటారు సైకిలుకు పనికిరాదు. ఎవరు పట్టుకెళ్లారో అడగం, షెడ్డు కిటికీలో పెట్టి వెళ్లండి.