సిస్టర్ ఆగమంటే ఆగే ఆసుపత్రులు కావాలి

సంపాదకుడు గారికి,

ఆసుపత్రుల్లో పొరపాట్లు తగ్గాలంటే సిబ్బందికి ఇంకా శిక్షణ కావాలని మీ సంపాదకీయంలో రాశారు. 22 ఏళ్లుగా ఐసీయూల్లో, ఆపరేషన్ థియేటర్లలో నర్సుగా చేస్తున్నాను, ఆ శిక్షణ తరగతులకు ఎన్నింటికి వెళ్లానో లెక్కే లేదు. ఒక బ్యాడ్జీ, ఒక ఫైలు, చివర్లో గ్రూప్ ఫోటో. మర్నాడు డ్యూటీకి వస్తే వార్డు ఎక్కడిదక్కడే.

తెలియకనా? చేతులు కడుక్కోవాలని తెలియని డాక్టరు గానీ నర్సు గానీ ఎక్కడైనా ఉంటారా? తెలిసింది పెద్దవాళ్ల మొహం మీద చెప్పలేం, అదీ గొడవ. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సీనియర్ డాక్టరు సెంట్రల్ లైన్ (గుండె దగ్గరి పెద్ద రక్తనాళం దాకా పెట్టే సన్నటి గొట్టం) వేస్తూ, పేషెంటుని మొత్తం కప్పాల్సిన స్టెరైల్ (క్రిములు లేని) షీటు లేకుండానే మొదలుపెట్టేశారు. పక్కనే ఉన్నాను, నోరు పెగల్లేదు. నాలుగో రోజు పేషెంటుకి చలిజ్వరం. దానివల్లేనని ఖాయంగా చెప్పలేను గానీ ఆ చలిజ్వరం నాకింకా గుర్తే. తర్వాత ఇంకో చోట, మందు డోసులో నా వల్లే జరిగిన చిన్న పొరపాటుని నేనే ఫారంలో రాసిస్తే వారం తిరక్కుండా మెమో చేతికొచ్చింది. అది చూశాక మా వార్డులో ఆర్నెల్ల పాటు ఒక్కరూ ఫారం ముట్టుకోలేదు, పైన మీటింగులో మాత్రం మా వార్డులో పొరపాట్లు సున్నాకి దిగాయని మెచ్చుకున్నారట.

ఇది మా ఒక్క వార్డు కథ కాదు. అమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రుల్లో మందుల పొరపాట్ల మీద పనిచేస్తుంటే, బాగా కలిసిమెలిసి ఉండే టీముల్లోనే పొరపాట్లు ఎక్కువ కనిపించాయి. మొదట ఆవిడకీ అర్థం కాలేదు. ఆ టీముల్లో వాళ్లు ఎక్కువ తప్పులు చేయలేదు, చేసినవి దాచుకోలేదు, అంతే. కాబట్టి పొరపాట్లు లేవని చెప్పుకునే ఆసుపత్రిని చూస్తే నాకు భరోసా కలగదు, భయమేస్తుంది.

చెక్‌లిస్టుల సంగతీ అంతే, అంటే ఒక్కో జాగ్రత్త తీసుకున్నామని టిక్కు పెట్టే కాగితాలు. ఆపరేషన్ల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన 19 అంశాల చెక్‌లిస్టుని ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో తేలింది. అదే కాగితం కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రుల్లోకి వచ్చాక చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదని 2014లో ఇంకో అధ్యయనం చెప్పింది, దాదాపు అన్ని ఆపరేషన్లకీ వాడుతున్నామని ఆసుపత్రులు నివేదికలిచ్చినా సరే. ఎందుకన్న దానిమీద పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. థియేటర్లో నిలబడి పనిచేసేదాన్ని కాబట్టి నాకు తోచింది చెప్తాను: పేషెంటు లోపలికి రాకముందే టిక్కులన్నీ పెట్టేసిన కాగితాలు నేను బోలెడు చూశాను.

మరి ఎక్కడైనా మారిందా అంటే మారింది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూలు 2004లో సెంట్రల్ లైన్ ఇన్ఫెక్షన్ల మీద పని మొదలుపెట్టాయి, ఏడాదిన్నరలో అవి 66 శాతం దాకా తగ్గాయి, మూడేళ్ల తర్వాత చూసినా ఆ తగ్గుదల నిలిచే ఉంది. చేయమన్నవి చేతులు కడుక్కోవడం, పేషెంటుని స్టెరైల్ షీటుతో కప్పడం లాంటి ఐదే పనులు, వాటిలో కొత్తది ఒక్కటీ లేదు. కొత్త విషయం ఏంటంటే, అత్యవసరం కానప్పుడు డాక్టరు అందులో ఏదైనా వదిలేస్తే పక్కనున్న నర్సు ఆపొచ్చు. ఆపినందుకు ఆమె మీద ఈగ వాలకుండా పెద్దలు నిలబడాలి, అది లేకపోతే ఇదంతా కాగితమే.

నిలబడటం అంటే ఏంటో అమెరికాలోనే సియాటిల్‌ నగరంలోని వర్జీనియా మేసన్ ఆసుపత్రిని చూస్తే తెలుస్తుంది. ప్రమాదం అనిపిస్తే ఏ ఉద్యోగి అయినా పని ఆపించే పద్ధతి వాళ్లు 2002లో పెట్టుకున్నారు. అయినా 2004లో ఇంజెక్షన్‌లో మందుకి బదులు క్రిమిసంహారకం వెళ్లి ఒక పేషెంటు చనిపోయారు. తప్పు మాదేనని ఆసుపత్రే బయటికి చెప్పింది. అప్పటి సీఈఓ గ్యారీ కాప్లాన్ ఆ పదవిలో 20 ఏళ్లకు పైగా ఉన్నారు. నేను పనిచేసిన ఒకచోట నాలుగేళ్లలో ముగ్గురు సూపరింటెండెంట్లు మారారు, వచ్చిన ప్రతివాళ్లూ గోడల మీద కొత్త నినాదం రాయించారు, కింద పాత నినాదం రంగు కనిపిస్తూనే ఉండేది.

మీరు ఏ ఆసుపత్రి పెద్దనైనా ఇంటర్వ్యూ చేసేటప్పుడు ఎన్ని తరగతులు పెట్టారని అడక్కండి. మీ దగ్గర పొరపాటు రాసిచ్చిన చివరి మనిషికి ఆ తర్వాత ఏమైందని అడగండి.

ఈ ఉత్తరం అచ్చువేస్తే నా పేరు మాత్రం వేయకండి. ఇంకా ఏడేళ్ల సర్వీసు ఉంది.

– ఒక స్టాఫ్ నర్సు