రెండు బండ్లూ చూసి వచ్చాను

విజయనగరం,
ఫిబ్రవరి 11

చిరంజీవి శ్రీనుకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. ఏది కొనాలో చూసి చెప్పమంటూ నువ్వు పంపిన రెండు పాత సరకు బండ్ల ఫొటోలను చెల్లి తన ఫోనులో పెద్దవి చేసి చూపించింది. ఫొటోలో తెలిసేది రంగు ఒక్కటే గనుక, మొన్నా నిన్నా తిరిగి రెండు బండ్లనూ స్వయంగా చూసి వచ్చాను. ముప్పై ఏళ్లకు పైగా ఆర్టీసీ డిపోలో బస్సుల కింద పడుకున్నవాణ్ణి, ఈ మాత్రం పనికి నన్ను అడగడానికి నువ్వు మొహమాటపడటమే నాకు వింతగా ఉంది.

ముందు కళింగపట్నం వైపు ఉన్న నీలం బండి సంగతి చెబుతాను, నీ మనసు దాని మీదే ఉందని తెలుసు గనుక. 2008 మోడల్ టాటా 207 డీఐ, ఏపీ 30 నంబరు, కొత్త రంగు, సీట్లకు కొత్త రెక్సిను. యజమాని 1,60,000 అడుగుతున్నాడు. మర్యాదస్థుడే, ఎండన పడి వచ్చానని మజ్జిగ ఇచ్చాడు. అయితే తొట్టి దగ్గరకు వెళ్లేసరికి రంగు వాసనను దాటుకొని చేపల వాసన వచ్చింది. ఐసు పెట్టెలతో ఏళ్ల తరబడి చేపలు మోసిన బండి అది. ఐసు కరిగిన ఉప్పునీరు తొట్టి రేకుల సందుల్లోంచి కారి ఛాసిస్ మీద, అంటే బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రం మీద, పడుతుంది. ఆ నీరు ఎండిపోతుంది గాని ఉప్పు ఎక్కడికీ పోదు. రాత్రి మంచుకో సముద్రపు గాలికో మళ్లీ తేమను పట్టుకొని, బండి కదలకుండా నిలబడి ఉన్నా సరే ఇనుమును తింటూనే ఉంటుంది.

సంచిలో తీసుకువెళ్లిన చిన్న సుత్తితో ఛాసిస్ పొడవునా తట్టుకుంటూ వెళ్లాను. ముందు భాగంలో ఖంగుఖంగుమని బాగానే పలికింది. వెనక చక్రాల మీదుగా, కమాను కట్టల, అంటే స్ప్రింగు పట్టీల, బ్రాకెట్టు బిగించిన చోటికి వచ్చేసరికి ఆ శబ్దం చచ్చిపోయి అట్టపెట్టెను కొట్టినట్టు దబ్బుమంది. స్క్రూడ్రైవరు మొనతో నొక్కితే పైనున్న నల్లరంగు పెచ్చుగా ఊడి, దాని కింద మడత కాజా పొరల్లా విచ్చుకున్న తుప్పు కనబడింది. నేల మీద గుప్పెడు రాలింది. యజమాని ఆ సమయంలో రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతానికి గుడ్డ చుట్టి తలుపుల కింది అంచున పెడితే రెండు చోట్ల అంటుకోలేదు. అంటే అక్కడ ఉన్నది రేకు కాదు, చిల్లులు పూడ్చి పైన రంగు కొట్టిన పుట్టీ.

ఇంజను పాడైతే లేత్ షాపులో బోరు చేయించుకోవచ్చు, గేరుబాక్సు పాడైతే పాతది వెతికి మార్చుకోవచ్చు. ఛాసిస్ సంగతి అలా కాదు. గట్టి ఇనుములో పగులు వస్తే, ఆ పగులు ఎక్కడ ఆగిందో అక్కడ చిన్న రంధ్రం వేసి, అది మరి ముందుకు పాకకుండా చేసి, లోపల ప్లేటు వేసి వెల్డింగు చేసే పద్ధతి ఉంది. తుప్పు పట్టి పలచబడిన ఇనుము మీద మాత్రం వెల్డింగు నిలవదు. ఒక రంధ్రం మూయబోతే పక్కన ఇంకొకటి పడుతుంది. పైగా బండికి పదిహేనేళ్లు దాటాయి. అటువంటి బండ్ల ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి బాగా పెంచారు. కనుక ఆ నీలం బండిని మరచిపో.

రెండవది రామభద్రపురంలో ఉంది. చూడటానికి దరిద్రంగా ఉందని ముందే ఒప్పుకుంటున్నాను. అదే 207 డీఐ, 2012 మోడల్, ఏపీ 35 నంబరు. కూరగాయల మార్కెట్టుకు వంకాయలు, టమాటాలు తోలిన బండి. ఎడమ తలుపు వేరే బండి నుంచి తెచ్చి తగిలించారు, దాని రంగు వేరు. తొట్టి నేల రేకుకు మూడు చిల్లులు, వెనక కమాను కట్టలో ఒక పట్టీ విరిగి ఉంది, బ్రేకు నొక్కితే బండి ఎడమకు లాగుతోంది. కాని ఛాసిస్‌ను ఈ కొస నుంచి ఆ కొస దాకా సుత్తితో తట్టాను, ఎక్కడా శబ్దం మారలేదు. మట్టి పేరుకుపోయే క్రాస్ మెంబరు, అంటే ఛాసిస్ అడ్డపట్టీ, మూలల్లో గోకి చూస్తే ఎర్రటి పైతుప్పు ఉందే గాని పొరలు లేవలేదు.

ఇంజను 2956 సీసీ, నాలుగు సిలిండర్లది. స్టార్టు చేసి ఆయిలు పోసే మూత విప్పి, దాన్ని అక్కడే బోర్లించి పెట్టాను. పిస్టన్ రింగులు అరిగిన ఇంజనులో బ్యాక్ కంప్రెషన్‌కు, అంటే లోపలి నుంచి వెనక్కి తన్నుకొచ్చే గాలికి, ఆ మూత ఎగిరి పడుతుంది. ఇది కొద్దిగా కదిలింది, అంతే. పొగ నల్లగా వస్తోంది. నీలంగా వచ్చి ఉంటే ఆయిలు తాగుతోందని భయపడేవాణ్ణి. నల్లపొగకు కారణం ఎయిర్ ఫిల్టరో డీజిల్ చిమ్మే నాజిల్సో అయి ఉంటుంది, ఆ ఫిల్టరు విప్పితే సగం బొబ్బిలి దుమ్ము అందులోనే ఉంది. ఒక్క అనుమానం మిగిలింది. నేను వెళ్లేసరికే బానెట్ వెచ్చగా ఉంది, అంటే నేను వస్తున్నానని తెలిసి ముందే ఒకసారి స్టార్టు చేసి ఉంచారు. పొద్దున్నే చల్లబడి ఉన్నప్పుడు ఎన్నిసార్లు సెల్ఫు కొడితే ఇంజను లేస్తుందో చూడకుండా బయానా ఇవ్వకూడదు.

కాగితాల విషయంలో నా మాట తప్పక వినాలి. నీకు జ్ఞాపకం ఉండదు, 1994లో నేనూ మీ చిన్నాన్నా కలిసి ఒక మెటడోర్ వ్యాను కొన్నాం. ఇంజను బాగుంది, టైర్లు బాగున్నాయి, అన్నీ చూసుకున్నాం గాని సి-బుక్కులో, అంటే బండి రిజిస్ట్రేషను కాగితంలో, ఫైనాన్సు వాళ్ల పేరు కొట్టివేయించారా లేదా అన్నది చూడలేదు. నాలుగో నెలలో చీపురుపల్లి దగ్గర గోగునార లోడుతో వస్తుండగా నలుగురు మనుషులు ఆపి, పాత యజమాని కట్టని వాయిదాలకు బండిని పట్టుకుపోయారు. నార మోపులను రోడ్డు పక్కన దింపుకొని, ఆ రాత్రి మీ చిన్నాన్న వాటి మీదే పడుకున్నాడు. మీ అమ్మ గొలుసు డబ్బు అది. అందుకని ఈ బండికి ఫైనాన్సు రద్దయినట్టు ఫారం 35 ప్రకారం నమోదై ఉండాలి, ఛాసిస్ మీద చెక్కిన అంకెలు సి-బుక్కుతో ఒక్కొక్కటిగా సరిపోవాలి, పేరు మార్పిడికి ఇచ్చే ఫారం 29, 30 మీద యజమాని మన ఎదుటే సంతకం పెట్టాలి. పన్ను బకాయిలు, చలానాలు ఉంటే అతడే కట్టాలి. ఎనిమిదేళ్లు దాటిన సరకు బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి, దీనికి అది గడువు దాటిపోయింది. ధర తగ్గించమని అడగడానికి మన చేతిలో ఉన్న మాట అదే. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరకు బండికి పర్మిట్టు అక్కరలేదు గనుక సి-బుక్కులో ఆ అంకె కూడా చూడాలి. నీ లైసెన్సు గురించి బెంగ వద్దు, కారు లైసెన్సుతోనే 7,500 కిలోల లోపు రవాణా బండ్లు నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

ఇక డబ్బు. నీ దగ్గర ఉన్నది 2,50,000. రామభద్రపురం బండి యజమాని 1,35,000 అంటున్నాడు, 1,20,000కు దిగుతాడని నా అంచనా. నాలుగు టైర్లకు 28,000, బ్రేకు పనికి 9,000, క్లచ్ సెట్టుకు 8,000, బ్యాటరీకి 7,000, డీజిల్ పంపు, నాజిల్స్ సర్వీసుకు 12,000, కమాను పట్టీ, తొట్టి రేకు, వెల్డింగు, తుప్పును ఆపే రెడాక్సైడు పూతకు 18,000, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, బదిలీ ఖర్చులకు 35,000 పక్కన పెట్టాలి. అన్నీ కలిపితే 2,37,000. మిగిలేది 13,000. పాత బండి విప్పాక అనుకోనిది ఒకటైనా బయటపడకుండా ఉండదు, దానికి ఈ సొమ్ము చాలదు. అందుచేత ముందు చక్రాలకు మాత్రమే కొత్త టైర్లు వేసి, వెనకవి ఈ వర్షాకాలం వరకు అలాగే నడిపితే 27,000 చేతిలో ఉంటాయి. బ్రేకు ఖర్చులో మాత్రం ఒక్క రూపాయి తగ్గించనివ్వను.

ఈ లెక్కలో రంగు లేదని నువ్వు గమనించే ఉంటావు. ఆకాశనీలం రంగు, క్రోమియం బంపరు, చెక్క పలకల తొట్టి అంటూ నువ్వు పంపిన చిత్రాలు నాకూ నచ్చాయి. మీ అమ్మ మాత్రం వాటిని చూసి, పాత ఇనుముకు పట్టుచీర కడతాడా అంది. ఈ ఏడాదికి తీగబ్రష్షుతో రుద్ది రెడాక్సైడు కొట్టి, కింది భాగమంతా పాత ఇంజనాయిలు పూద్దాం. మామిడికాయల కాలంలో నాలుగు లోడ్లు తిరిగి బండి తన ఖర్చు తాను సంపాదించుకున్నాక టింకరింగు, అంటే రేకు సొట్టలు సరిచేసే పని, రంగు చేయించు. రంగు మార్చేటట్టయితే సి-బుక్కులోనూ నమోదు చేయించాలి. తొట్టి పని మాత్రం సాలూరులోనే చేయిద్దాం. ఊరు మన జిల్లా నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లినా లారీ పని తెలిసిన చేతులు ఇంకా అక్కడే ఉన్నాయి, రామభద్రపురం నుంచి దగ్గర కూడా. వెల్డింగు మొదలుపెట్టే ముందు బ్యాటరీ తీగలు, డైనమో తీగలు విప్పించే బాధ్యత నీది. తొందరలో మరచిపోయి డైనమో కాల్చుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

శనివారం రాత్రి హైదరాబాదులో రైలెక్కితే ఆదివారం ఉదయానికి ఇక్కడ ఉంటావు. స్నానం, టిఫిను అంటూ ఆలస్యం చేయకుండా సరాసరి రామభద్రపురం వెళదాం. మనం వచ్చేవరకు తాళం తిప్పవద్దని యజమానికి చెప్పాను, అయినా చేరగానే మొదట బానెట్ మీద చెయ్యి వేసి చూడు. బయానాకు 5,000 నోట్లుగా తీసుకురా, మిగతాది బ్యాంకు ద్వారానే పంపుదాం. సుత్తి నా సంచిలోనే ఉంది.

ఇట్లు,
మీ నాన్న