ఆక్స్‌ఫర్డ్‌లో ఏడాది అంటే 24 వారాలే

సంపాదకులు గారికి నమస్కారం.

విదేశీ చదువుల గురించి మన పత్రికల్లో వచ్చేదంతా ఎక్కువగా మాస్టర్స్‌కి వెళ్లే పిల్లల గురించే. ఇక్కడ డిగ్రీ చదువుతూ మధ్యలో ఒక టర్మో, ఒక ఏడాదో ఇంగ్లండులో చదివి వచ్చే విజిటింగ్ స్టూడెంట్ల సంగతి ఎవరూ విడమరచి చెప్పడం లేదు. కన్సల్టెన్సీల వాళ్లు వీళ్లకీ ఆ మాస్టర్స్ పాఠమే అప్పజెప్పి పంపుతున్నారు. వీసా దగ్గర్నుంచి పోపు దాకా అది చాలాచోట్ల పనికిరాదు. ఆక్స్‌ఫర్డ్‌ను ఉదాహరణగా పెట్టుకుని ఆ తేడాలు రాస్తున్నాను. దయచేసి ప్రచురించగలరు.

అక్కడ మొట్టమొదట అలవాటు కావాల్సింది వారాల లెక్క. అక్టోబరులో మైకేల్మస్, జనవరిలో హిలరీ, ఏప్రిల్ చివర్లో ట్రినిటీ. ఇలా మూడు టర్ములు, ఒక్కోటి ఎనిమిది వారాలు. తేదీ బదులు 'ఐదో వారం మంగళవారం' అంటారు. వారం ఆదివారంతో మొదలవుతుంది. టర్ముకు ముందు వారాన్ని సున్నా వారం అంటారు. గది తాళం, లైబ్రరీ కార్డు, ట్యూటర్‌తో తొలి పరిచయం అన్నీ ఆ వారంలోనే. టికెట్ చవగ్గా దొరికిందని మొదటి వారం మధ్యలో దిగితే, మొదటి వ్యాసం గడువు అప్పటికే నెత్తిమీదుంటుంది.

మరి మిగతా 28 వారాలు? అసలు ఇబ్బందంతా అక్కడే. చాలా కాలేజీల్లో ఎనిమిదో వారం అయిపోగానే సామానుతో సహా గది ఖాళీ చేయాలి. సెలవుల్లో ఆ గదుల్ని సమావేశాలకూ అతిథులకూ ఇస్తారు. కొన్ని కాలేజీలు విజిటింగ్ పిల్లలకు సెలవులతో కలిపి ఒప్పందం రాస్తాయి, కొన్ని రాయవు. అద్దె కాగితంలో 'ఎన్ని రాత్రులు' అని ఉంటుంది, చూడాల్సింది ఆ అంకె. సెలవుల్లో ఉండాలంటే టర్ము నడుస్తుండగానే విడిగా దరఖాస్తు పెట్టాలి. అది మరచిపోయి డిసెంబరులో వెతుక్కునే వాళ్లకు రెండు టర్ముల మధ్య ఆరు వారాలు హోటలో, స్నేహితుల సోఫానో గతి. క్రిస్మస్ రోజున రైళ్లు నడవవు, బస్సులు దాదాపుగా ఉండవు, కాలేజీ భోజనశాల మూసేస్తారు. రెండు మూడు రోజులకు సరిపడా బియ్యం, పప్పు, పాలు ముందే తెచ్చి పెట్టుకోవాలి.

వీసా సంగతి. ఆరు నెలల్లోపు చదువైతే స్టాండర్డ్ విజిటర్ వీసా సరిపోతుంది. ఖర్చు తక్కువ, అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం ముందే కట్టే హెల్త్ సర్‌చార్జి ఉండదు. కానీ జీతానికైనా, ఊరికే అయినా పని చేయకూడదు. అక్కడికెళ్లాక దాన్ని స్టూడెంట్ వీసాగా మార్చుకోవడమూ కుదరదు. 'బాగుంది, ఇంకో రెండు టర్ములు ఉంటాను' అనుకుంటే వెనక్కి వచ్చి మళ్లీ దరఖాస్తు చేయాల్సిందే. ఏడాది చదువుకైతే స్టూడెంట్ వీసా కావాలి. ఏడాదికి 776 పౌండ్ల హెల్త్ సర్‌చార్జి, టీబీ పరీక్ష ఉంటాయి. బ్యాంకులో చూపించే డబ్బు వరుసగా 28 రోజులు కదలకూడదు. కావాల్సిన మొత్తం కన్నా ఒక్కరోజు ఒక్క రూపాయి తగ్గినా మళ్లీ మొదటి రోజు నుంచి లెక్క. ఆ ఖాతా విద్యార్థిదైనా కావాలి, తల్లిదండ్రులదైనా కావాలి. బాబాయిదో, మేనమామదో చెల్లదు. మన వాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. తల్లిదండ్రుల ఖాతా చూపిస్తే బర్త్ సర్టిఫికెట్, వాళ్ల అంగీకార పత్రం జతచేయాలి. సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే ఆ తేడా ముందే సరిచేయించుకోవడం మంచిది.

చదువయ్యాక రెండేళ్లు ఉండి ఉద్యోగం వెతుక్కోవచ్చనే మాట వీళ్లకు వర్తించదు. గ్రాడ్యుయేట్ వీసాకు అక్కడ డిగ్రీ పూర్తిచేయాలి, విజిటింగ్ స్టూడెంట్‌కు వచ్చేది మార్కుల పత్రం మాత్రమే. ఇది తెలిసీ ఆశపెట్టడం మోసమే. స్టూడెంట్ వీసా మీద వారానికి 20 గంటల పనికి అనుమతి ఉన్నా, భోజనం డెలివరీ చేసే యాప్‌ల పని స్వయం ఉపాధి కిందికి వస్తుంది, అది నిషిద్ధం. ఎవరో ఫ్రెండ్ ఖాతా మీద బండి తొక్కితే వీసా పోతుంది. అయినా ఎనిమిది వారాల టర్ములో 20 గంటలు ఎక్కడ మిగులుతాయి?

ఎందుకంటే చదువు తీరే వేరు. తరగతిలో అరవై మందితో కూర్చునే పద్ధతి కాదు, ట్యూటోరియల్. ట్యూటర్ ఎదుట ఒక్కరో, ఇద్దరో, గంటసేపు. టర్ముకు సాధారణంగా రెండు సబ్జెక్టులు. పెద్దదానికి వారం వారం, చిన్నదానికి రెండు వారాలకోసారి. అంటే ఎనిమిది వారాల్లో పన్నెండు వ్యాసాలు, ఒక్కోటి రెండు వేల మాటల వరకు. ప్రతిదానికీ ఒక ప్రశ్న, దాని కింద పుస్తకాల జాబితా ఇస్తారు. మన పిల్లలు చేసే పొరపాటు జాబితాలోని మొదటి పుస్తకం మొదటి పేజీ నుంచి మొదలుపెట్టడం. గడువు నాటికి అది సగమే అవుతుంది, వ్యాసం మొదలే కాదు. ప్రశ్నను ఎదురుగా పెట్టుకుని, పుస్తకం చివరి సూచికలో దానికి సంబంధించిన పేజీలు పట్టుకుని, ఒకరితో ఒకరు విభేదించే ఇద్దరు రచయితల్ని ముందు చదవాలి. వ్యాసం ఆ విభేదం దగ్గర మొదలైతే ట్యూటర్‌కు మాట్లాడటానికి పట్టు దొరుకుతుంది. అందరూ చెప్పింది చక్కగా కూర్చి తీసుకెళితే 'సరే, మీరేమంటారు?' అనేదే మొదటి ప్రశ్న. పెద్దవారి ముందు ఎదురుచెప్పకూడదని నోరు మూసుకుంటే దాన్ని అక్కడ వినయం అనుకోరు, చదవలేదనుకుంటారు.

పుస్తకాల విషయంలోనూ ఒక మెలిక ఉంది. బోడ్లియన్ లైబ్రరీ పేరు అందరూ వినే ఉంటారు. అక్కడి పుస్తకాలు చాలామటుకు అక్కడే కూర్చుని చదవాలి, గదికి ఇవ్వరు. గదికి తెచ్చుకోవాలంటే కాలేజీ లైబ్రరీయో, సబ్జెక్టుల వారీగా ఉండే ఫ్యాకల్టీ లైబ్రరీయో దిక్కు. ఒకే వ్యాసం రాసేవాళ్లు నలుగురుంటే పుస్తకం ముందు వెళ్లినవాడిదే కాబట్టి, జాబితా చేతికొచ్చిన రోజే వెళ్లాలి.

మార్కుల గురించి తల్లిదండ్రులకు కూడా చెప్పాలి. నూటికి 70, ఆపైన వస్తే ఫస్ట్ క్లాసు. 60 నుంచి 69 దాకా అప్పర్ సెకండ్, అంటే సెకండ్ క్లాసులో పై భాగం, అది గౌరవమైన మార్కే. 80 దాటడం అరుదు. 68 అని ఫోన్లో చెబితే మనింట్లో మొహాలు మాడిపోతాయి, అంతకన్నా ముప్పు మన యూనివర్సిటీ ఆఫీసులో ఉంది. ఆ 68ని అలాగే శాతంగా ఎక్కించేస్తే బాగా చదివిన పిల్ల గ్రేడు పడిపోతుంది. ఏ సబ్జెక్టుకు ఎన్ని క్రెడిట్లు, అక్కడి 70 ఇక్కడి ఎంతకు సమానం అనేది బయల్దేరకముందే ఎగ్జామ్స్ కంట్రోలర్ సంతకంతో కాగితం మీద తీసుకోవాలి. తిరిగొచ్చాక అడిగితే ఫైలు బల్ల నుంచి బల్లకు తిరుగుతుంది.

ఇక వంట. కాలేజీలో ఒక్కో మెట్ల వరుసలోని గదులకో, ఒక్కో వరండాకో కలిపి ఒక చిన్న వంటగది, కొన్నిచోట్ల ఉత్త మైక్రోవేవ్, ఫ్రిజ్. రైస్ కుక్కర్‌కు అనుమతి ఉందో లేదో అడగకుండా మోసుకెళ్లొద్దు, గదిలో వాడితే చాలాచోట్ల జప్తు చేస్తారు. పొయ్యి ఇండక్షన్‌దైతే అల్యూమినియం కుక్కర్ వేడెక్కదు. అయస్కాంతం అంటుకునే అడుగున్న మూడు లీటర్ల స్టీలు కుక్కర్ తీసుకెళ్లాలి. కరెంటు మనలాగే 230 వోల్టులు, ప్లగ్గు మాత్రం మూడు పలక పిన్నులది, అడాప్టరు చాలు. అక్కడి దుకాణాల్లో కందిపప్పు రెండు రకాలు. నూనె పట్టించినదాన్ని గోరువెచ్చని నీళ్లతో రెండు మూడుసార్లు కడగాలి. ఆక్స్‌ఫర్డ్ నీళ్లలో సున్నం ఎక్కువ, కెటిల్ అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది. ఆ నీళ్లకు పప్పు తొందరగా మెత్తబడదు. రెండు గంటలు నానబెట్టి, చిటికెడు వంటసోడా వేస్తే మామూలుగా ఉడుకుతుంది. బియ్యం, పప్పు, ఇంగువ అన్నీ కౌలీ రోడ్డు దుకాణాల్లో దొరుకుతాయి, ఇక్కణ్నుంచి మోయక్కర్లేదు.

పోపు మాత్రం జాగ్రత్త. వంటగదిలో సాధారణంగా వేడిని పట్టే పరికరం ఉంటుంది, పొగను పట్టేది బయట వరండాలో, గదుల్లో ఉంటుంది. తలుపు తీసిపెట్టి పోపు వేస్తే ఎండుమిరప ఘాటు వరండాలోకి వెళ్లి అలారం మోగుతుంది. అర్ధరాత్రైనా భవనంలో అందరూ బయట చలిలో నిలబడాలి. ముందు తలుపు వేసి, ఎగ్జాస్టు పెట్టి, తర్వాత మూకుడు పెట్టాలి. ఆవాలు చిటపటమనగానే స్విచ్ ఆపితే సరిపోదు. గ్యాసు పొయ్యిలా కాదు, సిరామిక్ పొయ్యి ఆపాక కూడా కొన్ని నిమిషాలు వేడిగానే ఉంటుంది. మూకుణ్ని పక్కకు తీసి, ఆ నూనె వేడిలోనే మిరపకాయలు, కరివేపాకు వేసి మూత పెట్టాలి. అలారానికి ప్లాస్టిక్ కవరు తొడగడం, మంటలు పాకకుండా ఆపే ఫైర్ డోర్ మూసుకోకుండా అడ్డం పెట్టడం జరిమానా పడే పనులు. గదిలో అగరొత్తులు, దీపం కూడా కుదరవు. దీపావళికి బ్యాటరీ దీపాలే.

సామానులో ఆవకాయ, గోంగూర పచ్చడి తీసుకెళ్లొచ్చు. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి కుదరవు. పాల పదార్థాలు, మాంసం మన దేశం నుంచి తీసుకురానివ్వరు, పట్టుబడితే పారేస్తారు.

కాలేజీ గది కాక బయట ఇల్లు తీసుకునేవాళ్లకు ఒక పన్ను పోటు ఉంది. స్థానిక కౌన్సిల్ ఇంటికి వేసే కౌన్సిల్ టాక్స్ నుంచి విద్యార్థులకు మినహాయింపు ఉంటుందన్నది నిజమే కానీ, కోర్సు కనీసం ఒక విద్యా సంవత్సరానిదై, అందులో 24 వారాలు, వారానికి 21 గంటల చదువు ఉండాలి. ఒక్క టర్ము విద్యార్థి ఈ లెక్కలోకి రాడు. నలుగురు పూర్తికాల విద్యార్థుల ఇంట్లో ఇతను చేరితే, అప్పటిదాకా లేని పన్ను ఆ ఇంటికి పడుతుంది. 25 శాతం తగ్గించినా మిగతాది కట్టాల్సిందే, స్నేహం చెడటానికి అది చాలు. అడ్వాన్సు విషయంలో చట్టం అద్దెకున్నవాళ్ల పక్షమే. మామూలు అద్దెలకు అయిదు వారాల అద్దెకు మించి అడగకూడదు, తీసుకున్న 30 రోజుల్లో ప్రభుత్వం గుర్తించిన పథకంలో జమచేయాలి. ఆ రసీదు అడగండి. బట్టలు గదిలోనే ఆరేసి, కిటికీ తీయకుండా ఉంటే గోడలకు బూజు పట్టి, తిరిగొచ్చేటప్పుడు ఆ అడ్వాన్సులోంచే కోస్తారు.

వైద్యానికి సర్‌చార్జి కట్టినవాళ్లు సున్నా వారంలోనే జీపీ (స్థానిక డాక్టరు) దగ్గర నమోదు కావాలి. చీటీలో ఒక్కో మందుకు ప్రస్తుతం 9.90 పౌండ్లు. విజిటర్ వీసా వాళ్లు ఆసుపత్రిలో చేరాల్సి వస్తే బిల్లు తమదే కాబట్టి బీమా తప్పదు. యాంటీబయాటిక్స్ మనలాగా మందుల షాపులో అడగ్గానే ఇవ్వరు. రోజూ వాడే మందులుంటే ఇంగ్లిషులో రాసిన చీటీతో తీసుకెళ్లాలి.

డిసెంబరులో సాయంత్రం నాలుగయ్యేసరికి చీకటి. సైకిలుకు ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం లేకపోతే జరిమానా. అక్టోబరు చివరి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు, మనకూ వాళ్లకూ తేడా నాలుగున్నర గంటల నుంచి ఐదున్నరకు పెరుగుతుంది. ఇక్కడ రాత్రి తొమ్మిదింటికి భోంచేసి ఫోన్ చేస్తే అక్కడ మధ్యాహ్నం మూడున్నర, ట్యూటోరియల్ నడిచే వేళ. ఆదివారం మాట్లాడుకోవడం మేలు. అదీ సోమవారం వ్యాసం ఇవ్వాల్సిన పిల్లలైతే శనివారమే.

ఇట్లు,
విదేశీ చదువులకు వెళ్లే పిల్లలకు సలహాలిచ్చే ఒక అధ్యాపకుడు,
గుంటూరు