శీనుకి, టర్బో బండి గురించి

ఒరేయ్ శీనూ,

నువ్వు ఫోన్ చేసినప్పుడు దమ్ములో ఉన్నాను, ఆ చప్పుడుకి సగం మాటలు వినబడలేదు. సెకండ్‌హ్యాండ్ ట్రాక్టర్ టర్బోది తీసుకోనా, మామూలుదా అన్నావు కదూ? ఇది చదివాకే అడ్వాన్స్ ఇవ్వు.

మామూలు ఇంజన్ పిస్టన్ దిగేటప్పుడు ఎంత గాలి పీల్చుకుంటే అంతే దానికి గతి. ఆ గాలికి మించి డీజిల్ పోస్తే సరిగ్గా మండక నల్లపొగ కక్కుతుంది. టర్బో ఉంటే, సైలెన్సర్‌కి పోయే ఆ వేడి పొగే ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే షాఫ్ట్‌కి రెండో కొసనున్న చక్రం గాలిని సిలిండర్లోకి కుక్కుతుంది. అంత ఇంజన్లోనే ఎక్కువ డీజిల్ మండుతుంది, బలం పెరుగుతుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. లారీలకైతే ఇది వరమేరా. ఎత్తుకి పోయేకొద్దీ గాలి పలచబడి, మామూలు ఇంజన్ ప్రతి 300 మీటర్లకీ సుమారు 3 శాతం బలం కోల్పోతుంది. లోడుతో అరకు ఘాట్ ఎక్కే బండికి ఆ తేడా బాగా తెలుస్తుంది.

కానీ ఆ షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది, అదీ పలచటి ఆయిల్ పొర మీద. పోయినేడు మా టర్బో బండితో ధాన్యం ట్రక్కు లాక్కొచ్చి, రాగానే ఇంజన్ ఆపేసేవాళ్లం. ఆపేముందు రెండు నిమిషాలు ఇంజన్ని స్లోలో ఉంచాలని అమ్మినవాళ్లు ఒక్క ముక్క చెప్పలేదు. ఇంజన్ ఆగగానే ఆయిల్ పారడం ఆగి, ఆ వేడికి టర్బో లోపలున్న ఆయిల్ మాడి బొగ్గయింది. నీలం పొగ మొదలయ్యాక టర్బో గాలి గొట్టం విప్పితే లోపలంతా ఆయిల్ జిడ్డు. షాఫ్ట్ వేళ్లతో కదిపితే టకటకా ఊగింది. చక్రం రెక్కలు దాని చుట్టూ ఉన్న గూడు గోడకి రాసుకుని, అంచులు కత్తిలా మెరుస్తున్నాయి. చూసి కడుపు తరుక్కుపోయింది.

నీకున్న నాలుగెకరాలకి, దమ్ముకి, మామూలుదే తీసుకో. ఇంట్లో నలుగురు చేతులు మారే బండి కదా, ఆపేముందు స్లోలో ఉంచాలని అందరికీ గుర్తుండదు. రోజంతా కిరాయికి రోటవేటర్ తిప్పేట్టయితే అప్పుడు టర్బో మాట ఆలోచిద్దాం.

ఆదివారం పొద్దున్నే వస్తాను. బండిని ముందే స్టార్ట్ చేసి ఉంచొద్దని అమ్మేవాళ్లకి గట్టిగా చెప్పు. చల్లటి ఇంజన్ మొదటి పొగ నేను చూడాలి.

నీ
రాము